తుపాకీ మడమ

"తుపాకీ మడమలతో కొట్టారు" అన్న మాట మీరు పేపర్లో ఎన్నిసార్లు చదివి వుంటారో లెక్కలేదు. లాఠీచార్జి వార్త వచ్చిందంటే దాని వెనకే ఈ ముక్క కూడా వస్తుంది. చదివేసి పేజీ తిప్పేస్తాం గాని, తుపాకికి మడమేమిటి అని ఎప్పుడైనా ఆగి ఆలోచించారా? భుజానికి ఆనించి పట్టుకునే ఆ వెడల్పాటి కర్ర చివరకి ఉర్దూలో కుందా అన్నారు, ఇంగ్లీషువాడు బట్ అన్నాడు. మనవాళ్లు మాత్రం మడమ అన్నారు. ఎవరు పెట్టారో గాని చక్కని మాట. నిలబడ్డ మనిషి బరువంతా మడమ మీదే కదా. పేలిన తుపాకీ తాకిడి అంతా కూడా చివరికి అక్కడికే వచ్చి చేరుతుంది.

కూరలూ కుట్లూ కథలూ వుండే ఈ పేజీల్లోకి తుపాకి ఎందుకొచ్చింది, ఈవిడకి హఠాత్తుగా ఏం పుట్టింది అనుకోకండి. తుపాకి పేల్చాలన్న సరదా నాకేం లేదు. నాకు కావలసింది ఆ కర్ర కథ. ఇనుమునీ కర్రనీ కలిపి చేసిన వస్తువుల సంగతి మనకన్నా బాగా ఎవరికి తెలుసు? కత్తిపీటనే తీసుకోండి. కత్తి ఎంత పదునైనదైనా సరే, పీటలో దాని కాలు వదులైతే వంకాయ ముక్కలు ఒకటి లావూ ఒకటి సన్నమూ పడతాయి. మనం వంకాయని తిట్టుకుంటాం, కత్తిని సాన పట్టిస్తాం. అసలు దోషం పీటలో వుంటుంది. కొడవలికి పిడి వదులైనా, పారకి కామ వదులైనా ఇదే వరస.

తుపాకి విషయంలోనూ అంతే. గొట్టం గొప్పదా, తూటా గొప్పదా, పేల్చేవాడి కన్ను గొప్పదా అని మగవాళ్లు అరుగుల మీద కూచుని వాదించుకుంటారు. కర్ర మాట ఎత్తరు. తూటా పెట్టి పేల్చే ఇనప భాగం ఒకటి వుంటుంది, దాన్ని యాక్షన్ అంటారు. దానికి ముందు పొడుగాటి గొట్టం. ఈ రెండూ కలిసి కర్రలో తొలిచిన గాడిలో పడుకుని వుంటాయి, మరలు బిగించి వుంటాయి. పేలినప్పుడు తూటా ముందుకి పోతుంది, ఇనుము వెనక్కి తంతుంది, గొట్టం వీణ తీగలా వణుకుతుంది. తన్ని, వణికి, మళ్లీ ఎక్కడ వుండేదో అక్కడికే వచ్చి కూచోవాలి. వెంట్రుకవాసి పక్కకి కూచుందా, రెండో తూటా మొదటిదాని దారిన పోదు.

వెంట్రుకవాసి అని ఊరికే అనడం లేదు. గొట్టం పొడుగు 25 అంగుళాలు అనుకోండి. దాని కొస అంగుళంలో నూరో వంతు పక్కకి జరిగితే, నూరు గజాల దూరంలో తూటా దాదాపు అంగుళంన్నర పక్కకి పోతుంది. 500 గజాల దూరంలో ఏడంగుళాలు. మనిషి గుండెకీ భుజానికీ వున్నంత దూరం, లేదా తగలడానికీ తగలకపోవడానికీ వున్నంత దూరం.

పైగా కర్ర ఇనుములా మాట మీద నిలబడేది కాదు. శ్రావణమాసం వచ్చేసరికి మన వీధి తలుపు ఉబ్బి పట్టేస్తుంది చూడండి, వైశాఖంలో మళ్లీ సందు పడుతుంది. తుపాకీ కర్ర కూడా అచ్చం అలాగే చేస్తుంది. వానలో ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకి నెడుతుంది. ఎండలో ఎండి మరలు వదులవుతాయి. అందుకే ఇంగ్లీషువాళ్లు అక్రోటు చెట్టు కర్రని ఏళ్ల తరబడి ఆరబెట్టి గాని ముట్టుకునేవారు కారు. ఆ తర్వాత కూడా తేమ పట్టకుండా అవిసెనూనె పట్టించేవారు.

ఇక ఆ గాడి తొలిచే పని. ఇది తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఇనుముకి సరిగ్గా సరిపోయే గాడిని కొలతబద్ద పెట్టి తొలవలేరు. మంచి పనివాడు ఏం చేసేవాడంటే, ఇనుముకి దీపం మసి నూనెలో కలిపి రాసేవాడు. మన భాషలో చెప్పాలంటే కాటుక! ఇనుముకి కాటుక పెట్టి, కర్రలో కూచోబెట్టి, మెల్లగా నొక్కి తీస్తాడు. కర్రలో ఎక్కడెక్కడ నల్లమచ్చ పడిందో అక్కడ ఎత్తుగా వుందన్నమాట. అంత మేరా ఉలితో గీకుతాడు. మళ్లీ కాటుక, మళ్లీ నొక్కడం, మళ్లీ గీకడం. కర్ర అంతటా ఒకే మాదిరిగా నలుపు అంటేదాకా ఈ తంతు సాగుతూనే వుంటుంది. తొందరపడి ఒక్క పొర ఎక్కువ గీకాడంటే కర్ర మొత్తం వృథా. జాకెట్టు చంకలో కత్తెర ఎక్కువ పోతే ఏమవుతుందో మనకి తెలుసుగా.

చరిత్రలోకి వద్దాం. తుపాకి అన్న మాట తురుష్క భాషనుంచి వచ్చింది, వస్తువూ బయటనుంచి వచ్చిందే. తొలిరోజుల ఒత్తి తుపాకుల్లో గొట్టాన్ని కర్రకి తోలుపట్టీలతోనో తీగలతోనో చుట్టి కట్టేవారు. తర్వాత చకుముకి తుపాకులు వచ్చాయి. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు బుస్సీ సేనలు నిలబడ్డనాడు వాళ్ల చేతుల్లో వున్నవి ఆ జాతివే. బొబ్బిలి కథ అంటే మనకి తాండ్ర పాపారాయుడూ, మల్లమ్మదేవీ గుర్తొస్తారు, కన్నీళ్లొస్తాయి. ఆ తుపాకుల సంగతి మాత్రం నవ్వొచ్చేదే. గొట్టం లోపల నున్నగా వుండేది, గుండు గొట్టంకన్నా చిన్నది, లోపల లొటలొటలాడుతూ బయటికొచ్చేది. నూరు గజాలు దాటితే ఒక మనిషికి గురిపెట్టి కొట్టడం దైవాధీనం. అందుకే వందలమందిని వరసగా నిలబెట్టి ఒక్కసారి పేల్పించేవారు. ఎవరిదో ఒకరిది తగులుతుంది. గుండే గొట్టంలో కుదురుగా లేనప్పుడు, గొట్టం కర్రలో కుదురుగా వుందా లేదా అని ఎవడు చూస్తాడు! ఆ రోజుల్లో కర్ర అంటే పట్టుకోడానికి ఒక పిడి, దగ్గరికొస్తే కొట్టడానికి ఒక మడమ.

గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చెక్కి, గుండుని బొంగరంలా తిప్పి వదలడం మొదలయ్యాక కర్రకి విలువ వచ్చింది. ఇంగ్లీషువాళ్ల సైన్యానికి 1853లో వచ్చిన ఎన్‌ఫీల్డు రైఫిలు అలాంటిది. ఈ పేరు మీరు వినే వుంటారు. 1857లో ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాలన్న గొడవ లేచింది ఈ రైఫిలు దగ్గరే. స్కూల్లో ఆ పాఠం అందరం చదివాం. తర్వాత జరిగింది మాత్రం పాఠంలో లేదు.

తిరుగుబాటు అణిగిపోయాక ఇంగ్లీషువాళ్లు ఆలోచించారు. సిపాయి చేతికి తుపాకి ఇవ్వకుండా దేశాన్ని ఏలలేరు. మంచి తుపాకి ఇస్తే మళ్లీ తమమీదికే తిప్పుతాడేమోనని భయం. దానికి వాళ్లు చేసిన ఉపాయం చూడండి. 1858 నమూనా అని ఒకటి తయారుచేశారు. పైకి అచ్చం ఎన్‌ఫీల్డు రైఫిలే. అదే కర్ర, అదే మడమ, అదే ఇత్తడి తొడుగు. లోపల మాత్రం గాడులు లేవు! .577 అంగుళాలు వుండాల్సిన గొట్టం బోలుని .656కి పెంచి నున్నగా చేసేశారు. దూరాన్నిబట్టి ఎత్తూ దించూ సర్దుకునే గురిపలక బదులు కదలని ముక్క ఒకటి పెట్టారు. పక్కపక్కన నిలబడ్డ తెల్లసోల్జరు చేతిలోనూ నల్లసిపాయి చేతిలోనూ తుపాకి ఒకలాగే కనిపిస్తుంది. గురి వాళ్లకి, చప్పుడు మనకి.

నన్నడిగితే ఆ రోజుల్లో వేసిన శిస్తులకన్నా, చేసిన చట్టాలకన్నా ఈ చిన్న పనిలోనే దొరతనం అసలు రంగు కనిపిస్తుంది. ఫిరంగి దళాలని దాదాపుగా తెల్లవాళ్ల చేతుల్లోనే వుంచుకున్నారు. 1878లో లిట్టన్ ప్రభువు హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. దేశంవాళ్లకి లైసెన్సు కావాలి, యూరోపియన్లకి అక్కర్లేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి, పోలీసులకీ కాపలావాళ్లకీ ఇవ్వడానికని మంచి .303 రైఫిళ్లనే తీసుకుని, గాడులు తొలిచేసి, .410 అని నున్నగొట్టం తుపాకులుగా మార్చారు. ఒకసారికి ఒక్క తూటానే పడుతుంది. మళ్లీ అదే కర్ర, అదే మడమ.

ఈ .303 మనందరికీ తెలిసిన తుపాకే. త్రీనాట్ త్రీ అంటారు. బ్యాంకు గుమ్మంలోనో, ఎన్నికల పెట్టెల దగ్గరో, పోలీసు కానిస్టేబు భుజాన ఎన్నో ఏళ్లపాటు కనిపించింది. బరువు సుమారు నాలుగు కిలోలు, అంటే నెల నిండిన పసిపిల్లని ఎత్తుకున్నట్టు. మన దేశంలో దీన్ని కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో చేసేవారు. అక్కడి రైఫిలు ఫ్యాక్టరీ 1904లో పెట్టింది. కర్ర విషయంలో ఈ తుపాకీకి వున్నన్ని నియమాలు మన మడికట్టుకునే పెద్దమ్మలకి కూడా వుండవు. మడమ కర్ర వేరు, ముందు కర్ర వేరు. వెనక యాక్షన్ దగ్గర కర్ర రెండు పక్కలా సమానంగా ఇనుముకి ఆనాలి, పేలినప్పుడు తన్నేది అక్కడే. ముందు కొస దగ్గర లోపల ఒక చిన్న స్ప్రింగు మేకు గొట్టాన్ని మెల్లగా ఎత్తిపడుతుంది. ఎక్కువ ఎత్తినా తప్పే, అసలు ఎత్తకపోయినా తప్పే. ఇవన్నీ చూడ్డానికి పటాలానికో మేస్త్రీ వుండేవాడు.

మడమ కర్రకి సైజులు కూడా వుండేవి. మామూలుది, పొడుగుది, పొట్టిది, ఇంకా పొట్టిది. చేతులు పొడుగున్నవాడికి పొడుగుది, మన గూర్ఖా సిపాయిలాంటివాడికి పొట్టిది. కర్ర మీద అక్షరం ముద్ర వేసి వుంటుంది, జాకెట్టు మెడలో నంబరు కుట్టినట్టు.

ఆస్ట్రేలియాలో ఇదే తుపాకి చేసినప్పుడు అక్రోటు దొరక్క అక్కడి మెత్తకర్ర వాడాల్సి వచ్చింది. తన్నులకి మెత్తకర్ర నలిగి గొయ్యి పడిపోయేది. అందుకని ఇనుము ఆనేచోట రాగిరేకు ముక్కలు తాపడం చేశారు. ఇషాపూర్‌వాళ్లు ఇంకో ఉపాయం పట్టారు. ముందు కర్ర నిలువునా చీలిపోకుండా దానికి అడ్డంగా ఒక మర బిగించారు. పాత తుపాకుల పిచ్చి వున్నవాళ్లు ఇప్పటికీ దాన్ని ఇషాపూర్ మర అనే పిలుస్తారు. ఫలానా దొర మర అనలేదు, వూరి పేరు మిగిలింది. అది బిగించాలని మొదట ఎవరికి తోచిందో, ఏ బెంగాలీ వడ్రంగికి తోచిందో, ఆ పేరు మిగల్లేదు.

మనవాళ్ల చేతికి గురి ఎలా వచ్చింది మరి? లాక్కుంటే వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు. తీసుకున్నవాటి లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడంటారు. నాకు ఆయనలో నచ్చేది ఆ సంతకమే. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు ఆ మన్యంవాళ్ల గురికి కూలిపోయారు. అడవిలో విల్లు పట్టి పెరిగిన చెయ్యికి గురి కొత్తగా నేర్పక్కర్లేదు, కుదురైన తుపాకి వుంటే చాలు. దొరతనం ముందు మలబారు స్పెషల్ పోలీసుల్ని దింపింది, తర్వాత అస్సాం రైఫిల్స్‌ని తెప్పించింది. 1924 మే 7న రాజుని చంపేశారు.

మా తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో వుందిగాని, అసలు కృష్ణాజిల్లా కొసన వున్న వూరు. ఒకప్పుడు తాలూకా పొలిమేర దాటితే నిజాం రాజ్యం. 1947, 48 సంవత్సరాల్లో రజాకార్ల బాధ పడలేక అవతలివాళ్లు పిల్లాపాపల్తో సరిహద్దు దాటి ఈ జిల్లాలోకి వచ్చేశారు. అప్పటి కథల్లో బర్మారు అన్న మాట ఒకటి వినిపిస్తుంది. బర్మారంటే మూతినుంచి మందు కూరి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే నాటు తుపాకి. ఒకసారి పేల్చాక మళ్లీ దట్టించేలోగా అన్నం వార్చుకోవచ్చు. వేటకి చేయించుకున్న వస్తువు, కొలతా లేదు, సైజూ లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో గ్రామదళాలు మొదట నమ్ముకున్నది వడిసెలల్నీ, కర్రల్నీ, ఈ బర్మార్లనీ. ఆడవాళ్లయితే రాళ్లూ, కారప్పొడీ. ఎదర వున్నవాళ్ల చేతుల్లో .303లు.

ఈ లెక్కన చూస్తే ధైర్యం ఏమాత్రం చాలదనిపిస్తుంది. అయినా అయిదేళ్లు సాగింది ఆ పోరాటం, 1946 నుంచి 1951 దాకా. మల్లు స్వరాజ్యం పుట్టింది 1931లో. ఓణీలు వేసుకుని తిరిగే వయసులో రైఫిలు భుజాన వేసుకుని దళాన్ని నడిపింది. ఆమె తలకి 10 వేల రూపాయల వెల కట్టారు. 2022లో తొంభై దాటి కన్నుమూసింది. ఆత్మకథకి నా మాటే తుపాకీ తూటా అని పేరు పెట్టుకుంది. ఆమె ఫోటో చూసినప్పుడల్లా నాకొచ్చే సందేహం ఒక్కటే: ఆ సన్నటి పిల్లకి ఆ రైఫిలు మడమ భుజానికి ఎలా కుదిరిందా అని. మామూలు సైజు మడమ అయిదున్నర అడుగుల మగవాడికి కోసింది. పేలినప్పుడు తన్నితే భుజం కమిలిపోయి వుంటుంది.

ఇప్పుడు కర్ర కథలో చివరి మలుపు. ఎంత కాటుక పెట్టి చెక్కినా కర్ర కర్రే, వానొస్తే ఉబ్బుతుంది. దీనికి విరుగుడు రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో దొరికింది. గాడిని కావాలనే కాస్త వదులుగా తొలిచి, గాజునార కలిపిన రసాయన జిగురు అందులో పోసి, ఇనుముకి అంటుకోకుండా పూత పూసి, దాన్ని జిగురులో కూచోబెడతారు. జిగురు రాయిలా గట్టిపడ్డాక చూస్తే ఇనుము ఆకారమంతా అచ్చు దిగి వుంటుంది. ఇక కర్ర ఉబ్బినా మధ్యలో ఈ పొర వుంది కాబట్టి ఇనుముకి బాధ లేదు. దాన్ని బెడ్డింగ్ అంటారు. పరుపు వెయ్యడమే మరి!

ఇది చదివితే నాకు నూజివీడు వీణ గుర్తొచ్చింది. పనసకర్రతో చేసిన వీణలకి నూజివీడు పేరుమోసిన వూరు, మాకు దగ్గరే. వీణమీద 24 ఇత్తడి మెట్లుంటాయి కదా, వాటిని కర్రలో నేరుగా దిగగొట్టరు. మైనంలో నల్లపొడి కలిపి దిమ్మకట్టి, ఆ మైనంలో కూచోబెడతారు. ఒక్కొక్క మెట్టూ స్వరం చూసుకుంటూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. మెట్టు జరిగితే రాగం తప్పుతుంది, అందుకే కొన్నేళ్లకోసారి మేళం మళ్లీ కట్టించుకోవాలి. లోహానికీ కర్రకీ మధ్య ఒక మెత్తని పెద్దమనిషి వుండాలని వీణ చేసేవాళ్లకి తెలిసి ఎన్ని తరాలయిందో!

ఇప్పుడు గురి యుద్ధంలోనే కాదు, ఆటలో కూడా వుంది. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్య పతకం తెచ్చాడు. ఆ ఆటలో పది పాయింట్ల చుక్క ఎంత వుంటుందో తెలుసా? అర మిల్లీమీటరు. ఆవగింజ దానికన్నా పెద్దది. ఆ చుక్క ముందు గురి ఆడమగా చూడదు గాని ఆట చూసింది. 1976లో మాంట్రియల్‌లో మార్గరెట్ మర్డాక్ అనే అమెరికా ఆవిడ మగవాళ్లతో కలిసి పోటీ చేసి, మొదటివాడితో సమానంగా పాయింట్లు తెచ్చుకుంది. లెక్క తేల్చేటప్పుడు ఆమెకి వెండి ఇచ్చారు. ఆ మొదటివాడు, లానీ బాషమ్, పతకాలిచ్చే చోట ఆమె చెయ్యి పట్టుకుని తన మెట్టుమీదికే లాక్కున్నాడు. 1984లో ఆడవాళ్లకి వేరే పోటీలు పెట్టారు. మగవాళ్లకి 60 తూటాలు, ఆడవాళ్లకి 40. ఎందుకంటే జవాబు లేదు. 2018లో గాని ఇద్దరికీ 60 చెయ్యలేదు.

ఈ ఆట తుపాకుల్లో చాలావాటికి ఇప్పుడు కర్రే లేదు, అల్యూమినియం చట్రం వుంటుంది. వానకి ఉబ్బదు, ఎండకి చీలదు. చెంప ఆనించేచోట ఒక మర, అరచేతి కింద ఒక మర, మడమ దగ్గర రెండు మూడు మరలు. ఎత్తు పెంచుకోవచ్చు, పొడుగు తగ్గించుకోవచ్చు, భుజం వంపుకి తగ్గట్టు తిప్పుకోవచ్చు. పన్నెండేళ్ల చెల్లెలు తన కొలత చూసుకుని పేల్చి వెళ్లాక, పద్ధెనిమిదేళ్ల అక్క వచ్చి మరలు తిప్పుకుని అదే తుపాకి పట్టుకోవచ్చు. మన చిన్నప్పుడు అక్క పరికిణీకి మడత కుట్టి చెల్లెలికిచ్చి, చెల్లెలు ఎదిగాక ఆ మడత విప్పినట్టు.